పుర్రచేతి క్రిస్పిన్

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా, జామకాయల బండికీ సోడా కొట్టుకీ నడుమ గోనెపట్టా పరుచుకుని కూర్చునే దేవరాజ్‌కు రెండు పనులు వచ్చు. ఒకటి చెప్పులు కుట్టడం. అది తాతముత్తాతల నుంచి వచ్చింది. రెండోది బొమ్మ చెప్పడం, అంటే గోడ మీది బొమ్మలో ఏముందో విప్పి చెప్పడం. అది ఎవరూ నేర్పలేదు, ఎట్లాగో మెడకు చుట్టుకుంది. మొదటి పనికి కూలి దొరికితే రెండో పనికి చాయ్ దొరికేది. చెప్పొద్దూ, ఆ చాయ్ పని మీదే ఆయనకు మోజెక్కువ.

ఆ బొమ్మ ఊరి చివరి పాత చర్చిలో, ఫాదర్ అంగీ మార్చుకునే చిన్న గదిలో, తలుపు మీద ఎత్తున వేలాడేది. నలభై ఏళ్ల కిందట పరాయి దేశం నుంచి వచ్చిన ముసలి ఫాదర్ ఒకాయన దాన్ని వెంట తెచ్చుకున్నాడు, పోతూ పోతూ ఇక్కడే వదిలేశాడు. రంగుల్లేవు, అన్నీ సన్నటి నల్లగీతలే. క్రిస్పిన్ అనే పునీతుడు పీట మీద కూర్చుని చెప్పు కుడుతుంటాడు. పక్కన ఒక దేవదూత దారం పట్టుకుని నిలబడతాడు. వెనక కిటికీలోంచి ఎక్కడో దూరాన ఒక మేడ, చీమల్లా మనుషులు. నాలుగు వందల ఏళ్ల నాటి గీత అది. ఆ రోజుల్లో అక్కడి చిత్రకారులకు ఉన్న మనిషిని ఉన్నట్టు గీయడం నామోషీ అట. మెడ సాగదీయాలి, వేళ్లు సాగదీయాలి, నడుమును పిండిన బట్టలా మెలి తిప్పాలి. అప్పుడే అందమట. ముసలి ఫాదర్ ఇదంతా చెప్పి, తన చెప్పులు బాగుచేయడానికి వచ్చిన పాతికేళ్ల దేవరాజ్‌ను, "ఈ పని చేసేవాడివి నువ్వు, నీకు ఏమి కనిపిస్తుందో చెప్పు" అని అడిగాడు.

అడిగిందే పాపం. ఇక ఆగితేనా! ఆనాటి నుంచి చర్చికి ఎవరొచ్చినా, బొమ్మ ముందు నిలబెట్టి దేవరాజ్‌ను పిలవడం ఆనవాయితీ అయిపోయింది.

"ఇగో, ఈ మెడ చూడుండ్రి" అని మొదలుపెట్టేవాడు. "గింత పొడుగు మెడ ఏందని నవ్వకుండ్రి. ముప్పై ఏండ్లు వంగి కుడితే మెడ సాగక ఏమైతది? నాది చూడుండ్రి. ఆ కిటికీల దొర మేడ ఉన్నది సూసిన్రా? మేడ గింత, చేతిల చెప్పు గంత. ఎందుకంటరు? పని చేసేటోనికి చేతిల ఉన్నదే పెద్దగ కనిపిస్తది. దొర మేడతోని వానికేం పని?" అక్కడ ఆగి, అందరి మొహాలూ చూసి, గొంతు తగ్గించేవాడు. "కని ఒక్క మాట. ఈ బొమ్మ గీసినాయన చెప్పు కుట్టుడు ఎన్నడు చూడలే. దారానికి మైనం లేదు. కాలి కింద రాయి లేదు. గట్ల కుడితే వారం దినాలల్ల ఊడిపోతది." ఎంత పెద్ద మనిషైనా అక్కడ నవ్వేవాడు. చాయ్ వచ్చేది.

ఆయన భార్య సాలవ్వ ఒక్కతే నవ్వేది కాదు. "గోడ మీది బొమ్మ మొఖం మంచిగ చదువుతవు. ఇంట్ల ఉన్న బిడ్డ మొఖం సూడరాదా?" అనేది. దేవరాజ్ విననట్టే ఆరెకు నూనె రాసుకునేవాడు. ఆరె అంటే తోలుకు బెజ్జం పొడిచే ఇనుపముల్లు. సాలవ్వ ఆ మాట అని అని, ఆరేళ్ల కిందట పోయింది.

బిడ్డ అంటే ఎస్తేర్. ఒక్కతే బిడ్డ. దానిది పుర్రచెయ్యి. అన్నం తిన్నా, తల దువ్వుకున్నా, పలక మీద రాసినా ఎడమచేతితోనే. పదేళ్లకే తండ్రి పక్కన కూర్చుని ఆరె పట్టింది. అబ్బో, ఆ పట్టడం చూడాలి! తోలు దాని మాట వినేది. దేవరాజ్ మూడు కుట్లు వేసేలోపు అది నాలుగు వేసేది, నాలుగూ ఒకే తీరు. ఆయన లోలోపల పొంగిపోయేవాడు గానీ పైకి అనేవాడు కాదు. మన తండ్రులకు మెచ్చుకోవడమంటే సొమ్ము పోయినట్టు.

ఒక పెండ్లిళ్ల సీజనులో బియ్యం వ్యాపారి ఒకడు కొత్త చెప్పుల కోసం వచ్చాడు. పిల్ల ఆఖరి కుట్టు వేస్తోంది. వాడు చూశాడు. "పుర్రచేత్తోని కుట్టిన చెప్పు ఏస్కొని నేను పెండ్లికి పోవాల్నారా? మంగళం పాడుతున్నవా నాకు?" అని జోడు తీసి రోడ్డు మీద పారేశాడు. సోడా కొట్టు దగ్గరున్న నలుగురూ నవ్వారు. ఒకడు, "ఆ చెయ్యి దేనికి వాడుతరో నీ బిడ్డకు చెప్పలేదాయె" అన్నాడు.

దేవరాజ్ పుట్టినప్పటి నుంచి ఆ తీరు మాటలు పడ్డవాడే. ఆయన తాకిన నీళ్లు తాగనివాళ్లు, ఆయన చేతిలో పైసలు పైనుంచి వేసేవాళ్లు ఆ ఊళ్లో ఎందరో. చెయ్యి మైల అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? అయినా ఆనాడు ఆ నలుగురి మీద కోపం రాలేదు. పిల్ల మీద వచ్చింది. అదీ మనిషి బుద్ధి! పొద్దుగూకకముందే ఇంటికి తీసుకొచ్చి, పొయ్యిలో ఆరెను ఎర్రగా కాల్చి, పిల్ల ఎడమ అరచేతిలో అడ్డంగా ఆనించాడు. "నీ మంచికే బిడ్డా, నీ మంచికే" అంటూనే ఆనించాడు. సాలవ్వ మీద పడి గుంజేసరికి ఆలస్యమైంది.

పుండు మానింది గానీ చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుపోయాయి, మళ్లీ సాగలేదు. పిల్ల కుడిచేతికి మారింది. కుట్లు వంకర పోయాయి. కొన్నాళ్లకు ఆరె పట్టడమే మానేసింది. ఆ వైపు ఊళ్లలో ఆడపిల్లకు బీడీలు చుట్టడం వస్తే సగం బతుకు వచ్చినట్టే. సంబంధాలు చూసేవాళ్లు కూడా ముందు అదే అడుగుతారు. తునికాకు చుట్టడానికి పదివేళ్లూ ఆడాలి, ఎస్తేర్‌కు ఎనిమిదే ఆడేవి. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే తిరిగిపోయాయి. చివరికి కామారెడ్డిలో ఆడపిల్లల హాస్టలులో వంటపనికి కుదిరి, అక్కడే ఒక గది కిరాయికి తీసుకుంది. క్రిస్మస్‌కు వస్తుంది, ఏటా తల్లి పోయిన దినానికి వస్తుంది. "మంచిగున్నవా బాపు?" అంటుంది. ఎడమచెయ్యి మాత్రం కొంగు చాటునే ఉంటుంది. తండ్రి ముందు దాన్ని బయట పెట్టదు.

ఇరవై ఆరేళ్లుగా దేవరాజ్ గొంతులో ఒకే మాట అడ్డం పడి ఉంది. తప్పు చేసిన, బిడ్డా. అంతే. మూడు ముక్కలు. పాదిరి ముందు మోకాళ్లూని ఎన్నో పాపాలు ఒప్పుకున్నాడు, ఇది ఒప్పుకోలేదు. బిడ్డ ముందు తండ్రి తలవంచడం ఆయన ఎక్కడా చూడలేదు. ఎట్లా వంచాలో ఆయనకు తెలియదు. సాలవ్వను పూడ్చిపెట్టిన నాడు చెబుదామని నోరు తెరిచి, "మట్టి వెయ్యి" అన్నాడు.

పోయిన ఏడు పండక్కి ముందు చర్చికి సున్నం వేశారు. జోయల్ అనే కొత్త ఫాదర్, కుర్రవాడు, బొమ్మను దింపి దేవరాజ్ చేతికిచ్చి జాగ్రత్త అన్నాడు. దేవరాజ్ దాన్ని మెట్ల మీద గోడకు ఆనించాడు. సున్నం వేసే రాజలింగుకు చేతిపని కన్నా నోటిపని ఎక్కువ. "మామా, ఆయన కుట్టుడు, నీ కుట్టుడు ఒక్క తీరే ఉన్నదా సూస్త. ఆయన పక్కపొంటి కూసో" అన్నాడు. దేవరాజ్ సరదాపడి, బొమ్మ పక్కనే అదే వైపు మొహం పెట్టి కూర్చుని, ఆరె పైకెత్తాడు.

రాజలింగు ఇటు చూశాడు, అటు చూశాడు. "ఏందే మామా, నీ పునీతుడు పుర్రచేతోడు!"

నలభై ఏళ్లు ఎదురుగా నిలబడి చెప్పిన బొమ్మ. ఎదురుగా నిలబడితే ఎదుటివాడి ఎడమచెయ్యి మన కుడివైపే ఉంటుంది కదా. అద్దంలో చూసుకున్నట్టు చూశాడు గానీ ఏ చెయ్యో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. సందేహమే లేదు. సాగదీసిన ఆ సన్నటి ఎడమచేతి వేళ్లలో ఆరె ఉంది. కుడిచెయ్యి ఊరికే చెప్పును అదిమి పట్టుకుంది. పైనుంచి దిగివచ్చిన దేవదూత ఆ ఎడమచేతికే దారం అందిస్తున్నాడు. దేవరాజ్ ఆరెను మెట్టు మీద పెట్టేశాడు.

ఏడాదిపాటు ఆ చెయ్యి ఆయన్ని నిద్రపోనివ్వలేదు. పోనివ్వకపోవడమే కాదు, ఒక దారి కూడా చూపించింది. తన నోటితో రాని మాట ఈ బొమ్మ చెబుతుంది. ఇదిగో బిడ్డా, దేవుడు దారం అందించిన చెయ్యి ఇది, నేను కాల్చిన చెయ్యి ఇది, అంటే చాలు. మిగిలింది ఎస్తేర్ చూసుకుంటుంది. మొన్న వేసవిలో చర్చికి టైల్సు వేసి, గోడకు పెద్ద రంగుల ఫ్లెక్సీ తగిలించినప్పుడు, ఆ పాత బొమ్మ తనకిమ్మని అడిగాడు. "పురుగు పట్టింది తాతా, దాన్నేం చేసుకుంటవ్? తీస్కపో" అన్నాడు జోయల్.

ఒక ఆదివారం పూజ అయిపోగానే బొమ్మను పాత ధోవతిలో చుట్టి కామారెడ్డి బస్సెక్కాడు. ఎస్తేర్‌కు ముందే ఫోను చేసి, "వస్తున్న, పనున్నది" అని మాత్రం చెప్పాడు. సర్కారు ఆడవాళ్లకు టికెట్టు ఎత్తేసేసరికి బస్సులో కాలు పెట్టే సందు లేదు. లింగంపేట దాకా బొమ్మను నెత్తి మీద పట్టుకుని నిలబడ్డాడు. ఒక బ్రేకుకు బొమ్మ కడ్డీకి తగిలి గాజు పగిలింది. పగిలిన గాజుతో బిడ్డ దగ్గరికి ఎట్లా పోవాలి? కామారెడ్డిలో దిగి, పాత బస్టాండు సందులో ఫ్రేములు కట్టే రహమాన్ దుకాణం వెతుక్కుని వెళ్లాడు.

రహమాన్‌ది కూడా చేతిపనే. ఫ్రేములు కడతాడు, ఆఫీసులకు రబ్బరు ముద్రలు చేసిస్తాడు. బొమ్మను బయటికి తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని, "వాహ్ చాచా, ఏం పని ఇది!" అన్నాడు. దేవరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. మెడ గురించి, మేడ గురించి మొదలుపెట్టి, ఎడమచెయ్యి దాకా చెప్పుకొచ్చాడు.

రహమాన్ చెయ్యి ఆపాడు. "చాచా, ఇది కలంతోని గీసింది కాదు. రాగి రేకు మీద చెక్కి అచ్చు గుద్దిన్రు. నా ముద్ర లెక్కనే. ఇగో చూడు." బల్ల మీది ముద్ర ఒకటి తిప్పి చూపించాడు. "రబ్బరు మీద అంత ఉల్టా ఉన్నది. గుద్దితే సీదా అయితది. రేకు మీద ఈయన కుడిచేత్తోనే కుడుతుండు. కాగితం మీదికి వచ్చెసరికి ఎడమైంది."

"కింద అక్షరాలు సీదనే ఉన్నయి గద భాయ్?" అన్నాడు దేవరాజ్, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు.

"అక్షరాలు ఉల్టా ఉంటే ఎవరు చదువుతరు? గందుకే వాటిని ఉల్టా చెక్కిండు. చెయ్యి ఏదైతే ఎవనికి ఫికరు? ఇగో, ఈ అద్దంలకెల్లి ఎనుక సూడు."

దేవరాజ్ చూశాడు. మేడ ముందు చీమల్లా కనిపించేవాళ్లు సిపాయిలు. నలభై ఏళ్లలో ఒక్కనాడూ ఆయనకు ఆనలేదు. పదిమంది ఉన్నారు. పదిమందీ ఎడమచేత్తోనే కత్తులు పట్టుకున్నారు.

"ఊరంత పుర్రచేతోళ్లు ఉంటరా చాచా?" అని రహమాన్ నవ్వాడు. ఆయనకేం తెలుసు పాపం. కొత్త గాజు బిగించి, అంచులు తుడిచి, మంచిగా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

సందు బయట చాయ్ బండి దగ్గర దేవరాజ్ చాలాసేపు నిలబడ్డాడు. వెనక్కి పోదామా అనుకున్నాడు. బిడ్డకు వస్తున్నానని చెప్పాడాయె. రహమాన్ అన్న మాట దానికి చెప్పకపోతే ఏం? ఎస్తేర్‌కు రబ్బరు ముద్రల సంగతి ఏం తెలుసు? అబద్ధమైతే అబద్ధం, దాని మనసు చల్లబడితే చాలదా? అట్లా తనకు తాను నచ్చజెప్పుకుంటూ హాస్టలు వెనక గల్లీకి నడిచాడు.

ఎస్తేర్ తలుపు తీసి, చాప వేసి, నీళ్లిచ్చింది. జుట్టులో అప్పుడే తెల్లదనం. కాగితం విప్పి బొమ్మను గోడకు ఆనించాడు.

"మన చర్చిల బొమ్మ గదా. ఎందుకు తెచ్చినవు బాపు?"

"ఆయన ఏ చేత్తోని కుడుతుండో సూడు బిడ్డా."

ఎస్తేర్ మోకాళ్ల మీద కూర్చుని చూసింది. మెల్లగా తన చెయ్యి అటు తిప్పి, ఇటు తిప్పి పోల్చుకుంది. "పుర్రచెయ్యి" అంది. కొంగు చాటునుంచి ఆ చెయ్యి, తండ్రి ముందు ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, బయటికి వచ్చి గాజు మీద ఆనింది. "పుర్రచెయ్యేనా బాపు? దేవదూత గూడ గదే చేతికి ఇస్తుండా?" అని వెలుగుతున్న మొహంతో లేచి, "హుమేరక్కా, జర ఇటు రా, ఒకటి చూపిస్త" అని పక్కగది వైపు కేక వేసింది.

ఆ మొహం చూశాక దేవరాజ్ తట్టుకోలేకపోయాడు. పదేళ్ల పిల్లప్పటి మొహం అది. దాన్ని రెండోసారి మోసం చేయడం తనవల్ల కాలేదు.

"పిలువకు బిడ్డా" అన్నాడు. "అది నిజం కాదు." రహమాన్ చెప్పిందంతా చెప్పాడు. ముద్ర సంగతి, ఉల్టా సంగతి, పదిమంది సిపాయిల సంగతి. చెబుతుంటే ఎస్తేర్ చెయ్యి గాజు మీద నుంచి జారిపోయింది. తలుపు దగ్గరికి వచ్చిన హుమేరా, తండ్రీబిడ్డల వాలకం చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి పోయింది.

"అయితే ఈయనది కుడిచెయ్యేనా?"

"ఆఁ. కుడిచెయ్యేనట."

"మరి నువ్వు నాకు పెట్టిన వాత తప్పా, ఒప్పా?"

దేవరాజ్ అలవాటు కొద్దీ బొమ్మ వైపు చూశాడు. ఏదడిగినా నలభై ఏళ్లు జవాబు చెప్పిన బొమ్మ. ఇప్పుడు అందులో నల్లగీతలు తప్ప ఏమీ కనిపించలేదు. బిడ్డ వైపు తిరిగాడు.

"తప్పే బిడ్డా. ఆయన ఏ చేత్తోనన్న కుట్టనీ. నేను చేసింది తప్పే."

ఎస్తేర్‌కు కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది ఆయనకు. "గీ ముక్క కోసం ఎన్నేండ్ల సంది ఎదురు చూస్తున్ననో" అంది. "అమ్మ సచ్చిపోయిన నాడన్న చెప్తవనుకున్న. బొమ్మ వచ్చి సాచ్చెం చెప్తె తప్ప నీకు నోరు రాలేదాయె."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగి గడ్డం మీదికి కారాయి. తుడుచుకోలేదు. ఎస్తేర్ చూసి, "సరే, లే. కాళ్లు చేతులు కడుక్కో. అన్నం తినిపోదువు" అని లోపలికి వెళ్లింది.

పచ్చిపులుసు, కోడిగుడ్డు కూర. ఇద్దరికీ పెట్టి ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ తండ్రికి పెట్టి పొయ్యి దగ్గరే ఉండిపోయేది, ఇవాళ కూర్చుంది. దేవరాజ్ తల వంచుకుని కలుపుతూ ఓరకంట చూశాడు. కుడిచేత్తో తింటోంది. ఇన్నేళ్లయినా ముద్ద కుదురుగా రావడం లేదు. నోటి దాకా వచ్చేలోపు మెతుకులు రాలుతున్నాయి, ఆమె రాలినవాటిని ఏరి పళ్లెం అంచున పెడుతోంది. అది ఆమెకు అలవాటైపోయినట్టుంది.

"బిడ్డా" అన్నాడు. "ఇక్కడ ఎవ్వరున్నరు? పుర్రచేత్తోనే తినరాదా."

ఎస్తేర్ తలెత్తి ఆయన్ని చూసింది. కుడిచెయ్యి పళ్లెం అంచున తుడుచుకుంది. ఎడమచెయ్యి ముందుకు చాపి, ముడుచుకుపోయిన రెండు వేళ్లనూ వదిలేసి, మిగతా మూడింటితో అన్నం అందుకోబోయింది. అన్నం జారిపోయింది. మళ్లీ అందుకుంది. ఈసారి చిన్న ముద్ద కుదిరింది గానీ, పైకి ఎత్తేసరికి మణికట్టు ఎటు తిరగాలో తెలియక ఆగిపోయింది. ఆ ముద్దను అట్లాగే పళ్లెంలోకి వదిలి, చెంబు నీళ్లతో చెయ్యి కడుక్కుంది.

"రాదు బాపు" అంది. "దానికి యాది లేదు."

కుడిచేత్తో మళ్లీ తినడం మొదలుపెట్టింది. కలిపిన ముద్దను నోట్లో పెట్టుకోలేక, పళ్లెంలో వదల్లేక, దేవరాజ్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.